నలభై రెండేళ్లు ఆలస్యంగా ఒక సాక్ష్యం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. "ఆయ్, తప్పకుండానండి" అన్నాను. ఆ మాట తప్పుతున్నందుకు ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా పైపులు, వాల్వులు, ట్యాంకులతోనే నా బతుకు. వాటి గురించి ఈ పూట మీకు చెప్పి విసిగించను. 52 ఏళ్ల వయసులో నేను చదివిన ఒక చదువు గురించి చెబుతాను. దాని పేరు క్రిమినల్ జస్టిస్. తెలుగులో నేరన్యాయం అనుకోవచ్చు.

ఈ సంగతి మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ, "ఏరా, ఏమైనా కేసులో ఇరుక్కున్నావా?" అంది. మా ఆవిడ, "రిటైరయ్యాక నల్లకోటు వేస్తారా?" అంది. స్నేహితులయితే ఇంకా నయం, "ఎవరి మీదరా నీ కోపం?" అన్నారు. మన వైపు అంతే కదండీ. స్టేషను గుమ్మం తొక్కకూడదు, కోర్టు మెట్లు ఎక్కకూడదు అని చిన్నప్పుడే నూరిపోస్తారు. వ్యాజ్యంలో గెలిచినవాడు ఇంట్లో ఏడిస్తే ఓడినవాడు కోర్టులో ఏడ్చాడని సామెత కూడా ఉంది. పైగా కోర్టు చుట్టూ తిరిగేవాణ్ని కోర్టు పక్షి అంటాం. అలాంటి ఊళ్లో పుట్టినవాణ్ని ఈ చదువులోకి ఎందుకు వెళ్లానో రెండు కారణాలున్నాయి. ఒకటి ఇప్పుడు చెబుతాను. రెండోది ఈ బడిలోనే జరిగింది. అది చివర్లో చెబుతాను.

మొదటి కారణం ఒక ప్రమాదం. కొన్నేళ్ల కిందట వేరే రాష్ట్రంలో నేను పనిచేసిన చోట ఒక ట్యాంకు శుభ్రం చేయడానికి కాంట్రాక్టు కార్మికుడు లోపలికి దిగాడు. లోపల గాలి పరీక్ష సరిగా జరగలేదు. దిగినవాడు పడిపోయాడు. అతన్ని లాగుదామని రెండోవాడు దిగాడు, అతనూ పోయాడు. ఇలాంటి ప్రమాదాల్లో రక్షించబోయినవాడే రెండో శవం అవుతాడని మా వృత్తిలో ప్రతివాడికీ తెలుసు. తెలిసీ జరిగింది.

దాని మీద నేను నలభై పేజీల నివేదిక రాశాను. ఎందుకు జరిగింది, దాని వెనుక ఏముంది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి, అన్నీ రాశాను. చాలా బాగా రాశానని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత పోలీసు అధికారి నన్ను సాక్షిగా విచారించారు. "పర్మిట్ మీద సంతకం ఆయన పెట్టగా మీరు చూశారా?" అని అడిగారు. "ఆయనే పెట్టారని అందరికీ తెలుసండి" అన్నాను. ఆయన ఓపిగ్గా, "విన్నది వద్దు సార్, చూసింది చెప్పండి" అన్నారు. అప్పుడు గానీ నాకు తట్టలేదు, నా నలభై పేజీల్లో నేను కళ్లతో చూసింది రెండు పేజీలైనా లేదని.

తర్వాత కోర్టు. అవతలి వైపు లాయరుగారు ఇరవై నిమిషాల్లో నన్ను ఒలిచి పెట్టారు. మా కంట్రోల్ రూమ్ కంప్యూటరు గడియారం, గేటు రిజిస్టరులో సెక్యూరిటీ అతను రాసిన టైము, రెండింటికీ ఏడు నిమిషాలు తేడా ఉంది. ఏది సరైనదో నేను ఎక్కడా రాసిపెట్టలేదు. ఇంజనీరుకి అది చిన్న విషయం. కేసుకి అదే ప్రాణం. బయటికి వస్తే, పోయిన కార్మికుల్లో ఒకతని భార్య వరండాలో నిలబడి ఉంది. శ్రీకాకుళం వైపు మనిషి. "బాబూ, మీరు సెప్పింది జడ్జిగారికి అర్థమైందా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నిజం నా దగ్గరుంది. దాన్ని ఆ బోను దాకా మోసుకెళ్లడం నాకు చేతకాలేదు. ఆ రాత్రే ఈ విద్య నేర్చుకోవాలనిపించింది.

ఇక్కడ కూర్చున్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. ఉద్యోగం మానకుండా ఇంటి దగ్గర నుంచే చదివించే సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దేశంలో మొదట తెలుగు నేల మీదే వచ్చింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రామిరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో, పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. నేను చేరింది ఆ ఇగ్నోలో, నేరన్యాయంలో పి.జి. డిప్లొమాకి. ఏ డిగ్రీ ఉన్నా చాలు, చేరవచ్చు. పాఠాలు కంప్యూటరులో దొరుకుతాయి, అసైన్‌మెంట్లు రాసి పంపాలి, పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి చేత్తో రాయాలి. విశాఖలో నా పక్క బెంచీలో ఒక హెడ్ కానిస్టేబుల్ గారు, ముందు బెంచీలో మా అమ్మాయి వయసు పిల్ల. ముప్పై ఏళ్ల తర్వాత మూడు గంటలు పెన్ను పట్టుకుంటే వేళ్లు కొయ్యబారిపోయాయి.

అమెరికాలో ఈ క్రిమినల్ జస్టిస్ అన్నది పెద్ద చదువు. 1968లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసి, పోలీసులు కాలేజీకి వెళ్లి చదువుకోవడానికి డబ్బు ఇచ్చింది. ఆ తర్వాత ఊరూరా ఈ శాఖలు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు డిగ్రీ మొత్తం ఆన్‌లైన్‌లోనే చదివే వీలుంది. పోలీసు ఉద్యోగానికి, జైళ్ల శాఖకు, శిక్ష పడినవాళ్లను గమనించే ప్రొబేషన్ ఉద్యోగాలకు అక్కడ అది పనికొస్తుంది. మన పిల్లలు అక్కడికి వెళ్లి ఈ ప్రకటనలు చూసి, ఇదీ లా చదువే అనుకునే ప్రమాదం ఉంది. అక్కడైనా, ఇక్కడైనా ఇది లాయరు చదువు కాదు. మన దేశంలో అయితే వకీలుగా నమోదు కావాలంటే కాలేజీకి వెళ్లి చదివిన ఎల్‌ఎల్‌బీయే కావాలి. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో తెచ్చుకున్న లా డిగ్రీని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. ఎవరైనా "ఇంట్లో కూర్చుని లాయరు అయిపోండి" అని ఫీజు అడిగితే దండం పెట్టి పంపేయండి. ఏ కోర్సులో చేరినా ముందు యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరం, మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి.

మరి లాయరు కాకపోతే ఈ చదువు ఎందుకు? నాకు అది తెలిసింది పుస్తకంలో కాదు. ఇక్కడే, మన గడ్డ మీద.

2022 మే నెల. అమ్మకు మోకాలి ఆపరేషను అయితే సెలవు పెట్టి ఇంటికొచ్చాను. అసైన్‌మెంట్లు పంపే గడువు దగ్గరపడింది. ఆ నెల 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. జిల్లా పేరు మార్పు మీద మొదలైన గొడవ ఇళ్లు తగలబెట్టే దాకా వెళ్లింది. ఆ మంటలు చూసి బాధపడని కోనసీమవాడు లేడు. దాని తప్పొప్పులు ఈ వేదిక మీద నేను మాట్లాడను. ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి ఫోను ఉండీ లేనట్టే. నేను బండి వేసుకుని దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్లి, అక్కడ ఒక టీకొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అసైన్‌మెంటు పంపాను. ఆ రోజు నేను రాసిన జవాబు దేని మీదో తెలుసా అండీ? అరెస్టు అయిన మనిషికి ఉండే హక్కుల మీద.

ఆ రాత్రి మన బడివాడే, నాకు బాగా దగ్గరివాడు, గోడ పక్కన నిలబడి పిలిచాడు. కొడుకు పేరు కేసులో ఉందట. కుర్రాడికి ఇరవై ఏళ్లు. అక్కడికి వెళ్లాడా, వెళితే ఏం చేశాడు, అది తేల్చేవాణ్ని నేను కాదు. అతను నన్ను అడిగింది ఒకే మాట, "ఎవరైనా నాయకుడు తెలుసా నీకు?" అని. నేను నాలుగు మాటలు చెప్పాను. ముందు నాయకుడు కాదు, వకీలు. కుర్రాణ్ని దాచొద్దు. ఫోనులో ఉన్నవి చెరపనివ్వొద్దు, చెరిపితే అది ఇంకో తప్పు అవుతుంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ప్రయాణం పట్టే సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. ఆ చివరిది మన రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది. అతను అవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుంటుంటే వేళ్లు వణకడం ఆగిపోయింది. "ఇవి నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదురా" అన్నాడు. పది పాసయ్యాడు, వ్యాపారం చేస్తున్నాడు, లక్షల లెక్కలు నోటితో చెబుతాడు. ఈ నాలుగు మాటలు మాత్రం తెలియవు. ఆ రాత్రి నాకనిపించింది, ఇది లాయర్లకు మాత్రమే వదిలేసే చదువు కాదని.

ఇంజనీరుగా ఈ చదువులో నేను చూసింది ఏమిటంటే, మా వృత్తిలో సేఫ్టీ ఇంటర్‌లాక్ అంటాం. ఒక తలుపు మూస్తేనే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. తొందరలో ఉన్నవాడికి అది చిరాకు. దాన్ని తప్పించి పని కానిద్దాం అనుకుంటాడు. తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు, నూరోసారి మనుషులు పోతారు. నేరన్యాయంలో పద్ధతులన్నీ ఇలాంటివే. ఎఫ్.ఐ.ఆర్ రాయడం, పంచనామా, సాక్షిని ఎదురు ప్రశ్నలు వేయడం, అనుమానం మిగిలితే నిందితుణ్ని వదిలెయ్యడం. బయటినుంచి చూస్తే "ఇంత నాన్చుడెందుకు, ఆ నలుగురినీ నడివీధిలో ఉరెయ్యండి" అనిపిస్తుంది. నాకూ అనిపించేది.

ఒక కేసు చదివాక ఆ మాట అనడం మానేశాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక పేద యువకుణ్ని పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో కేసును మళ్లీ మొదటినుంచి సీబీఐ చేతికి ఇచ్చారు. అప్పటికి పదేళ్లు గడిచిపోయాయి. పదేళ్ల తర్వాత గదిలో ఏ జాడ మిగులుతుంది? తప్పుడు మనిషిని శిక్షిస్తే ఒక అన్యాయం కాదండీ, రెండు. లోపల ఉన్నవాడికొకటి, పోయిన పిల్ల తల్లిదండ్రులకొకటి.

ఈ చదువులో మాలాంటివాళ్లకు ముచ్చటేసే విషయాలూ ఉన్నాయి. వేలిముద్రల కార్యాలయం ప్రపంచంలోనే మొదట వచ్చింది లండన్లో కాదు, 1897లో కలకత్తాలో. పేరు మాత్రం అప్పటి బెంగాల్ పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. లెక్క కట్టిన తలలు మనవాళ్లవి, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లవి. పది వేళ్లను అయిదు జతలు చేసి, సుడి ఉన్న వేలికి 16, 8, 4, 2, 1 అని విలువలిచ్చి, 32 ఇంటూ 32, మొత్తం 1024 గళ్లలో ఎవరి ముద్రయినా ఇట్టే వెతికేలా సర్దారు. కంప్యూటరు పుట్టకముందే బైనరీ లెక్క. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, ఆయన నవ్వుతున్నారు.

నేను పాసైన కొద్ది కాలానికే ఇంకో తమాషా జరిగింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 511 సెక్షన్లు 358 అయ్యాయి. విచారణ పద్ధతికి భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. నేను బట్టీ పట్టిన నెంబర్లన్నీ మారిపోయాయి. హత్య 302 నుంచి 103కి వెళ్లింది. 420 ఇప్పుడు 318. అయినా మనం మాత్రం మోసగాణ్ని ఫోర్ ట్వంటీ అనే అంటున్నాం, త్రీ ఎయిటీన్ అనడం ఇంకా అలవాటు కాలేదు. నా ట్యాంకు ప్రమాదంలాంటి నిర్లక్ష్యపు చావులకు పాత 304-ఎ కింద గరిష్ఠంగా రెండేళ్లు. ఇప్పుడు 106 కింద అయిదేళ్ల దాకా ఉంది. నెంబర్లు మారినా లోపలి సూత్రాలు అవే. అందుకే పిల్లలకు చెబుతున్నా, ఏ చదువైనా నెంబరు కాదు, కారణం పట్టుకోండి.

ఇప్పుడు మన ఊళ్లలో ఎవరికైనా అక్కరకొచ్చేవి కొన్ని చెబుతాను. సావనీరులో వేస్తామన్నారు కాబట్టి దాచుకోండి.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదని పంపేయకూడదు. దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్ అంటారు. ఫోను ద్వారానో మెయిలు ద్వారానో కూడా ఇవ్వవచ్చు, కానీ మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీగారికి రాతపూర్వకంగా పంపవచ్చు, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి చెప్పాలని కొత్త చట్టంలో ఉంది.

సాక్షిగా పోలీసులకు మీరు చెప్పిన మాటల కింద సంతకం పెట్టనక్కర్లేదు. ఆడవాళ్లను, పదిహేనేళ్లలోపు పిల్లలను, అరవై దాటిన పెద్దలను సాక్షులుగా విచారించాలంటే వాళ్లుండే చోటికే రావాలి, స్టేషనుకు రమ్మనకూడదు.

లాయరుకి డబ్బు లేదని ఎవరూ ఆగిపోవద్దు. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, జైల్లోనో కస్టడీలోనో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నెంబరు 15100. ఫోనులో ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి చేయండి. మొదటి గంటలో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి. మన 216 హైవే మీద బండి పడిపోతే జనం చుట్టూ మూగుతారు గానీ ఎత్తడానికి జంకుతారు. "తర్వాత కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు?" అని. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాడి మీద ఏ కేసూ పెట్టకూడదు, బలవంతాన పేరు అడగకూడదు, సాక్షిగా ఉండమని ఒత్తిడి చేయకూడదు. ఎత్తండి. తీసుకెళ్లండి. ఏమీ కాదు.

ఫోనులో తీసిన వీడియో ఇప్పుడు గట్టి సాక్ష్యం. కానీ దాన్ని వాట్సాప్‌లో నలుగురికీ పంపి, అసలుది చెరిపేస్తే విలువ తగ్గిపోతుంది. అసలు ఫోను అలాగే ఉంచండి. కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువ కూడా రాయాలి. అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మార్చినా ఆ ముద్ర మారిపోతుంది. ఇరవై నిమిషాల్లో నన్ను ఒలిచిన ఆ లాయరుగారు అడిగింది కూడా అదే కదండీ, నీ దగ్గరున్నది ఎప్పటిదో, మారలేదో చెప్పు అని. ఇప్పుడు మా కంపెనీలో నేను నడిపే ప్రతి తనిఖీలో మొదటి పని అన్ని గడియారాలూ సరిచూసి రాసిపెట్టడం.

ఇక రెండో కారణం.

1983. నేను ఎనిమిదో తరగతి. ధవళేశ్వరం ఆనకట్ట చూపిస్తామని తలా కొంచెం డబ్బు పోగు చేశాం. 86 రూపాయలు. కవరులో పెట్టి మాస్టారి బల్ల సొరుగులో ఉంచాం. మధ్యాహ్నం చూస్తే కవరు లేదు. ఆ పూట మంచినీళ్ల కుండ నింపే వంతు మాలో ఒకడిది. వాళ్ల నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. గదిలోకి వెళ్లింది వాడే అన్నారు ఎవరో. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. విన్నది వద్దు, చూసింది చెప్పు అని అడిగేవాళ్లు ఆ రోజు లేరు. వాడికి దెబ్బలు పడ్డాయి. మర్నాటి నుంచి బడికి రాలేదు.

ఆ గంటసేపూ వాడు గదిలో లేడు. పంపు దగ్గర నాతో ఉన్నాడు. ఇద్దరం నీళ్లు చల్లుకుని ఆడుకున్నాం. ఆ మాట చెబితే "నువ్వూ క్లాసు ఎగ్గొట్టావా?" అంటారని, ఇంకా ముందుకెళ్లి "అయితే నువ్వూ వాటాదారువా?" అంటారని భయం. బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. వాడు దెబ్బలు తింటూ ఒకసారి నా వైపు చూశాడు.

తొమ్మిది రోజుల తర్వాత కవరు దొరికింది. పాత జవాబు పత్రాల కట్టలో, మాస్టారి ఇంట్లోనే ఉంది. ఆయన ఆ సాయంత్రమే సైకిలేసుకుని వాళ్లింటికి వెళ్లారు. వాడి నాన్న ముందు చేతులు జోడించారట. మర్నాడు వాణ్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి, ప్రార్థన దగ్గర అందరి ముందూ "తప్పు నాది. అడగకుండా కొట్టాను" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. నా జీవితంలో చూసిన పెద్ద న్యాయమూర్తి ఆయనే. తన తీర్పు తప్పని తెలిసిన రోజునే, అందరి ముందూ దిద్దుకున్నారు. ఎన్ని తీర్పులు చదివినా నాకు ఆ ప్రార్థన స్థలమే గుర్తొస్తుంది.

ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నారు. నా తప్పు మాత్రం ఎవరికీ తెలియలేదు. వాడికి తప్ప.

వాడు ఈ సభలో ఉన్నాడు. పేరు చెప్పను. చెప్పొద్దన్నాడు, కథ చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నాడు. నిన్న రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. "దెబ్బలు ఆ రోజే మర్చిపోయానురా. నువ్వు తల దించుకోవడం మాత్రం గుర్తుంది" అన్నాడు. కోపంగా అనలేదు. కొబ్బరి ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. అందుకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నేరన్యాయమంటే పోలీసులు, లాయర్లు, జడ్జీలు అనుకుంటాం. నాలుగు పుస్తకాలు చదివాక నాకు తేలిందేమిటంటే, ఆ ఇంటికి పునాది సాక్షి. చూసినవాడు చూసింది చెప్పకపోతే ఎంత గొప్ప చట్టమైనా గోడ మీద రాతే. చెప్పడానికి ధైర్యం కావాలి. ధైర్యం రావాలంటే చెబితే ఏమవుతుందో తెలియాలి. ఆ తెలియడం కోసమే చదువు.

సంఘం పెద్దలకు ఒక మనవి. ఏటా ఒక పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ సంగతులు చెప్పిద్దాం. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం ఎలాగూ ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లో పనిచేసే మన బడి పిల్లలున్నారు, వాళ్లను పిలుద్దాం. పిల్లలను ఒకరోజు కోర్టుకు తీసుకెళ్లి వెనక బెంచీల్లో కూర్చోబెడదాం. బహిరంగ విచారణ ఎవరైనా చూడవచ్చు. మెట్లు ఎక్కడం అలవాటైతే భయం సగం పోతుంది. కొత్త చట్టాలు మూడూ తెలుగులో మన లైబ్రరీకి నేను ఇస్తాను. ఆ పూటకు నేను ఎక్కడున్నా సెలవు పెట్టుకుని వస్తాను.

చివరిగా ఒక్క మాట. గురువుల ముందు, అందరి ముందు చెబుతున్నాను. 1983లో ఆ మధ్యాహ్నం వాడు గదిలోకి వెళ్లలేదు. పంపు దగ్గర నాతో ఉన్నాడు. నేను కళ్లారా చూశాను. నలభై రెండేళ్లు ఆలస్యంగా సాక్ష్యం చెబుతున్నాను. క్షమించరా.